కంట్రోల్ లైన్ నోబ్లర్‌ను ఎలక్ట్రిక్‌కు మార్చాలంటే ముందు త్రాసు తీయండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, చదివే మిగతావాళ్ళకూ తెలియాలి కదా. మీ బాబాయిగారు దాచిన నోబ్లర్ ప్లాన్, అంటే తీగలు పట్టుకుని ఎగరేసే ఒక మోడల్ విమానం డ్రాయింగ్, మీ చేతికి వచ్చింది. అది మెథనాల్ ఇంధనంతో నడిచే 35 సైజు గ్లో ఇంజిన్ కోసం గీసినది. మీరు ఉండేది బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్‌లో. మెథనాల్ కోసం తిరగడం, ఆ డబ్బాలు ఇంట్లో పెట్టుకోవడం మీకు కుదరదు. అందుకే దాన్ని ఎలక్ట్రిక్‌గా కట్టాలనుకుంటున్నారు. 35 ఇంజిన్‌కు సమానమైన మోటార్ ఏది, ఎన్ని సెల్స్ పెట్టాలి, ట్యాంక్ ఉన్న చోట బ్యాటరీ పెడితే సరిపోతుందా అని మూడు విషయాలు అడిగారు.

మొదటి రెండిటికీ జవాబు చిన్నదే. 150 గ్రాములకు అటూ ఇటూగా ఉండే, 900 కేవీ (దీని అర్థం కింద చెబుతాను) దగ్గరి అవుట్‌రన్నర్, అంటే బయటి డొప్ప తిరిగే మోటార్. 4 సెల్స్, 2700 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ). మూడోదానికి జవాబు: సరిపోదు. అసలు పనంతా ఆ మూడో ప్రశ్నలోనే ఉంది. మోటార్ కొంచెం అటూ ఇటూ అయినా ప్రాప్ (ప్రొపెల్లర్) మార్చి సర్దుకోవచ్చు. బ్యాటరీ చోటు తప్పితే మాత్రం, రెక్క అతికించేశాక ఇక సర్దడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నేను డిగ్రీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు మొదటిసారి కంట్రోల్ లైన్ హ్యాండిల్ పట్టుకున్నాను. అది డీజిల్ ఇంజిన్. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన ఇంధనం. ఎగరేసి వచ్చిన రోజు చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఆముదం వాసన వదిలేది కాదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు గ్లో ఇంజిన్లు, ఇప్పుడు పూర్తిగా ఎలక్ట్రిక్. ఇంజిన్ శబ్దం మీద ఇష్టం ఇప్పటికీ ఉంది. అయినా ప్రతి ఫ్లైట్ ఒకేలా సాగడం అంటే ఏమిటో నాకు ఎలక్ట్రిక్‌తోనే తెలిసింది. మీరు తీసుకున్న నిర్ణయం మంచిది.

కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. కంట్రోల్ లైన్‌లో రేడియో ఉండదు. మధ్యలో నిలబడ్డ మన చేతిలో హ్యాండిల్, దాని నుంచి రెండు సన్నని స్టీలు తీగలు, వాటి చివర విమానం. తీగలు రెక్కలో ఉన్న బెల్‌క్రాంక్ అనే మీటను తిప్పుతాయి, అది ఎలివేటర్‌ను, ఫ్లాప్స్‌ను కదుపుతుంది. 1940లలో అమెరికాలో జిమ్ వాకర్ యూ-కంట్రోల్ అనే పేరుతో దీన్ని జనంలోకి తెచ్చాడు. మన నోబ్లర్ 1950లలో జార్జ్ ఆల్డ్రిచ్ గీసిన స్టంట్ విమానం. రెక్క సుమారు 50 అంగుళాలు, ఫ్లాప్స్ ఉంటాయి. ఇప్పటికీ ఎంతోమంది దాని మీదే స్టంట్ నేర్చుకుంటున్నారు.

ఇక లెక్కలోకి వద్దాం. మోటార్ కేటలాగ్ పక్కన పెట్టండి. ముందు తెలియాల్సింది విమానం ఎంత బరువుంటుంది, ఒక చుట్టు ఎన్ని సెకన్లలో తిరగాలి అన్నవి. ఎలక్ట్రిక్ నోబ్లర్ 1.3 కిలోల దగ్గర తేలుతుందనుకోండి. 60 అడుగుల తీగలు, మన చేయి, సగం రెక్క కలిపితే వ్యాసార్ధం దాదాపు 19 మీటర్లు. చుట్టు 119 మీటర్లు. దాన్ని 5.2 సెకన్లలో తిరిగితే వేగం సెకనుకు 23 మీటర్లు, అంటే గంటకు 82 కిలోమీటర్లు. ఆ వేగంలో మీ చేతికి తెలిసే లాగుడు 3.7 కిలోలు. ఈ 3.7 గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఈ బరువున్న విమానం పూర్తి స్టంట్ వరస చేయడానికి, అంటే అయిదున్నర నిమిషాల పరుగుకు, సుమారు 30 వాట్ అవర్స్ తింటుంది. సగటున 330 వాట్లు, ముక్కు ఆకాశం వైపు తిప్పినప్పుడు 450 దాకా వెళ్తుంది. లైపోను అడుగంటా వాడకూడదు, నాలుగో వంతు మిగలాలి. కాబట్టి 40 వాట్ అవర్స్ కావాలి. 4 సెల్స్ అంటే 14.8 వోల్ట్‌లు, దాన్ని 2.7 యాంపియర్ అవర్స్‌తో గుణిస్తే సరిగ్గా 40. 2700 అనే అంకె అలా వచ్చింది. ఎవరో పెట్టారని 3300 పెడితే అదనంగా మోసే 60 గ్రాములు ప్రతి మూలమలుపులో కనబడతాయి.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. ప్లాన్ నేల మీద పరిచి, సీజీ (గరిమనాభి, అంటే విమానం తూగే బిందువు) గుర్తు దగ్గర నిలువుగా ఒక గీత గీయండి. ఇక నుంచి అన్ని కొలతలూ ఆ గీత నుంచే. ముక్కు వైపు ప్లస్, తోక వైపు మైనస్. కిందవి ఉదాహరణకు నేను వేసిన అంకెలు, మీ ప్లాన్ మీద స్కేలు పెట్టి మీవి మీరు రాసుకోండి.

ఈ డిజైన్ పుట్టిన కాలంలో 35 ఇంజిన్‌కు మఫ్లర్ లేదు. ఇంజిన్ 190 గ్రాములు, గీత నుంచి 20 సెంటీమీటర్ల ముందు. గుణిస్తే 3800. ఖాళీ ట్యాంక్ 40 గ్రాములు, 13 సెంటీమీటర్ల ముందు, 520. రెండూ కలిపి 4320. ట్యాంక్‌లో 110 గ్రాముల ఇంధనం పోస్తే ఇంకో 1430 కలుస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ 1430ని 1.2 కిలోల విమానం బరువుతో భాగిస్తే 1.2 సెంటీమీటర్లు వస్తుంది. అంటే గ్లో విమానంలో ఫ్లైట్ మొదట్లో, చివర్లో సీజీ ఒకే చోట ఉండదు. సెంటీమీటర్ పైన వెనక్కి జరుగుతుంది. పాత పైలట్లు తెలిసో తెలియకో చేతితో దాన్ని సర్దుకుంటూ ఎగరేశారు. ఎలక్ట్రిక్‌లో బ్యాటరీ బరువు తగ్గదు, సీజీ కదలదు. కాబట్టి ఆ రెండు కొసల్లో ఏది ఎంచుకోవాలో మనమే తేల్చుకోవాలి. నేను సగం ట్యాంక్ దగ్గర పెడతాను. 4320కి 715 కలిపితే 5035. మనం కొత్తగా పెట్టే సామాను మొత్తం కలిసి ఈ 5035కి రావాలి.

మీరు అనుకున్నట్టే పెట్టి చూద్దాం. ఇంజిన్ చోటులో 150 గ్రాముల మోటార్, 20 సెంటీమీటర్ల ముందు: 3000. ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే స్పీడ్ కంట్రోలర్) 50 గ్రాములు, 10 సెంటీమీటర్ల ముందు: 500. ట్యాంక్ చోటులో 280 గ్రాముల బ్యాటరీ, 13 సెంటీమీటర్ల ముందు: 3640. మొత్తం 7140. కావలసినదానికంటే 2100 ఎక్కువ. ముక్కు బరువెక్కి సీజీ 1.6 సెంటీమీటర్లు ముందుకు పోయింది. అలా ఎగరేస్తే విమానం పడిపోదు, కానీ లూప్ పెద్దదవుతుంది, స్క్వేర్ మూలలు గుండ్రంగా వస్తాయి, డైవ్ నుంచి లేపేటప్పుడు చేయి గుంజాలి. తోకలో సీసం పెట్టి సరిచేయాలంటే 38 గ్రాములు కావాలి. బరువు తగ్గించుకోవాల్సిన చోట సీసం కొనడం నాకు మనసొప్పదు.

రెండో పద్ధతి ఇది. ముక్కును 2 సెంటీమీటర్లు కుదించండి. మోటార్ 18 దగ్గరికి వస్తుంది: 2700. ఈఎస్‌సీని గీతకు వెనక 4 సెంటీమీటర్ల దగ్గర పెట్టండి: మైనస్ 200. మిగిలింది 2535. దాన్ని 280తో భాగిస్తే 9. బ్యాటరీ నడిమధ్య గీతకు 9 సెంటీమీటర్ల ముందు ఉండాలి. పొడవాటి 135 మిల్లీమీటర్ల ప్యాక్ కొంటే ఇక్కడ పట్టదు. 105 మిల్లీమీటర్ల పొట్టి, లావు ప్యాక్ తీసుకుంటే ముందు కొస 14.3 దగ్గర, మోటార్ వెనక భాగానికి సెంటీమీటర్ పైన ఖాళీ ఉంటుంది. వెనక కొస 3.8 దగ్గర. రెక్క ముందంచు 7 దగ్గర ఉందనుకుంటే, బ్యాటరీ తోక 3 సెంటీమీటర్లు రెక్క కిందికి దూరుతుంది. ఆ చోటును ప్లాన్‌లో ఇప్పుడే గీసుకోవాలి. కట్టేశాక బ్లేడ్ పట్టుకుని తవ్వే పని కాదు అది.

ఈఎస్‌సీ వెనక్కి వెళ్ళింది కాబట్టి వైర్లు పొడిగించాలి. ఏ వైర్లు అన్నది ముఖ్యం. మోటార్ వైపు ఉన్న మూడు వైర్లను పొడిగించండి, బ్యాటరీ వైపు రెండింటిని పొట్టిగానే ఉంచండి. బ్యాటరీ వైపు పొడవు పెరిగితే ఈఎస్‌సీ లోపలి కెపాసిటర్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, అవి వేడెక్కి ముందే పోతాయి. సిలికాన్ వైరు, ఎక్స్‌టీ60 కనెక్టర్లు, హీట్ ష్రింక్ బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో విడిగా దొరుకుతాయి. 14 గేజ్ అడగండి.

బ్యాటరీ కూర్చునే పలక ముందుకీ వెనక్కీ కనీసం 15 మిల్లీమీటర్లు జరిగేలా చేయండి. అది మీకు ఉచితంగా దొరికే ట్రిమ్. మొదటి ఫ్లైట్ల తర్వాత 3 మిల్లీమీటర్ల చొప్పున జరుపుతూ పోవాలి. ఎంత జరిపినా, చివర్లో బ్యాటరీ ముందూ వెనకా బాల్సా దిమ్మ ఆనించి ఆపండి. వెల్క్రో స్ట్రాప్ ఒక్కదాన్నే నమ్మొద్దు. బయటి లూప్‌లలో బ్యాటరీ తన బరువుకు ఎన్నో రెట్లు స్ట్రాప్‌ను లాగుతుంది.

ఎత్తు కూడా చూడండి. 280 గ్రాములు రెక్క కింద వేలాడితే విమానం తీగల మీద ఒరిగి ఎగురుతుంది. అంతా బిగించాక తీగలు తగిలించే లెడ్‌అవుట్ కొసలు పట్టుకుని విమానాన్ని గోడకు వేలాడదీయండి. రెక్క నిట్టనిలువుగా వేలాడితే సరే. ఒరిగితే బ్యాటరీని పైకి జరపండి. రెక్క చివర బరువుల డబ్బా, లెడ్‌అవుట్లు ముందుకు వెనక్కి జరిగే గైడ్ పాత ప్లాన్‌లో లేకపోతే కలపండి. సీజీ జరిపిన ప్రతిసారీ లెడ్‌అవుట్లనూ జరపాల్సి ఉంటుంది.

బరువు గురించి ఇంకొక్క మాట. ఇంజిన్, ట్యాంక్, ఇంధనం కలిపి 340 గ్రాములు ఉండేవి. ఇప్పుడు మోటార్, ఈఎస్‌సీ, బ్యాటరీ, మోటార్‌ను మొదలుపెట్టి ఆపే టైమర్, వైర్లు కలిపి 520. ఈ తేడాలో కొంత చెక్కలోనే తిరిగి రాబట్టుకోవచ్చు. ఇంజిన్‌ను మోసే గట్టి చెక్క బేరర్లు, వాటి పక్కన మందపాటి ప్లైవుడ్ పలకలు (డబ్లర్లు) ఇంజిన్ కుదుపు కోసం వేసినవి. మోటార్‌కు అవి అక్కర్లేదు. బేరర్లు తీసేసి, ముక్కు కొసన 3 మిల్లీమీటర్ల బర్చ్ ప్లై పలకలు రెండు అతికించి అడ్డుగోడ చేయండి. డబ్లర్లు 1 మిల్లీమీటర్ సరిపోతాయి. ఇంధనం తినేస్తుందని వేసే మందపాటి పూతలూ వద్దు. 70 గ్రాములు సులభంగా తగ్గుతుంది. కానీ ముక్కు పక్కల బలం మరీ తగ్గించకండి. ఇంజిన్ కుదుపు లేకపోయినా మోటార్ మెలితిప్పే బలం ఉంది, దిగేటప్పుడు తగిలే దెబ్బ ఉంది.

(మీ బాబాయిగారి పాత గ్లో మోడల్ అటక మీద ఉంటే, దాన్నే మార్చాలని ఆశపడేవాళ్ళకు: ముక్కు చెక్క ఆముదం తాగి ఉంటుంది, దాని మీద ఏ జిగురూ పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మొక్కజొన్న పిండి దట్టంగా చల్లి, హీట్ గన్‌తో మెల్లగా వేడిచేయండి. పిండి నూనె పీల్చి పసుపురంగుకు తిరుగుతుంది. దులిపి మళ్ళీ చల్లండి. పిండి తెల్లగానే మిగిలేదాకా చేయాలి. నాకు ఒకదానికి నాలుగు సాయంత్రాలు పట్టింది.)

ఇప్పుడు కేవీ. ఇది కిలోవోల్ట్ కాదు, లోడ్ లేకుండా ఒక వోల్ట్‌కు మోటార్ ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతుందన్న లెక్క. 11×5.5 (అంగుళాల్లో వ్యాసం, పిచ్) ప్రాప్‌తో మనకు కావలసింది 10,000 ఆర్‌పీఎం దగ్గర. ఫ్లైట్ చివర్లో, లోడ్ మీద, 4 సెల్స్ 14 వోల్ట్‌లకు పడిపోతాయి. 920 కేవీ మోటార్ అయితే 14 వోల్ట్‌లకు 12,880. మనకు కావలసింది దానిలో 78 శాతం. మిగిలింది మన చేతిలో రిజర్వు. అదే 760 కేవీ అయితే 10,640, రిజర్వు లేనట్టే. అలాంటి మోటార్ 5 సెల్స్‌కు బాగుంటుంది, 4కి కాదు. ఈఎస్‌సీ 50 లేదా 60 యాంపియర్లది తీసుకోండి.

ఆ రిజర్వు ఎందుకో చెప్పాలంటే గవర్నర్ గురించి చెప్పాలి. గ్లో ఇంజిన్ స్టంట్‌లో ఇంత అందంగా పనిచేయడానికి కారణం, ముక్కు పైకి లేచినప్పుడు అది దానంతట అదే బలం పెంచుకోవడం. బల్లపరుపుగా పోతున్నప్పుడు ఫోర్ స్ట్రోక్‌లా మెల్లగా గునుస్తూ, ఎక్కేటప్పుడు టూ స్ట్రోక్‌లోకి మారి అరుస్తుంది. దిగగానే మళ్ళీ మెత్తబడుతుంది. మామూలు ఈఎస్‌సీ అలా చేయదు. అది ఒకే థ్రాటిల్ ఇస్తుంది, లోడ్ పెరిగితే వేగం పడిపోతుంది, బ్యాటరీ తగ్గేకొద్దీ ఇంకా పడిపోతుంది. గవర్నర్ ఉన్న ఈఎస్‌సీ అయితే ఆర్‌పీఎంను చూస్తూ ఉంటుంది. ఎక్కేటప్పుడు తగ్గిందా, కరెంట్ పెంచుతుంది. డైవ్‌లో ప్రాప్ ఉరకబోతే కరెంట్ తగ్గిస్తుంది, అప్పుడు ప్రాప్ బ్రేకులా పనిచేస్తుంది. హెలికాప్టర్ల కోసం చేసిన ఈఎస్‌సీలలో ఈ మోడ్ ఉంటుంది, కొనేముందు "గవర్నర్" లేదా "సెట్ ఆర్‌పీఎం" అని రాసి ఉందో లేదో చూడండి. ఇంకో మెట్టు పైన, కదలికను కొలిచి ఆర్‌పీఎంనే పెంచి తగ్గించే యాక్టివ్ టైమర్లు ఉన్నాయి. స్లొవేకియాకు చెందిన ఇగోర్ బర్గర్ ఈ పనిలో ముందు నడిచినవాళ్ళలో ఒకరు. మొదటి విమానానికి మీకు అవి అక్కర్లేదు, గవర్నర్ చాలు.

ఇప్పుడు ఆ 3.7 కిలోల దగ్గరికి వద్దాం. విమానం సరిగ్గా నెత్తి మీదికి వచ్చినప్పుడు దాని బరువు తీగలను లాగదు, మన వైపు పడుతుంది. 3.7లో 1.3 తీసేస్తే 2.4 కిలోలు. ఇంకా పట్టుంది. కానీ వేగం 15 శాతం పడిపోయిందనుకోండి, లాగుడు వేగం వర్గాన్ని బట్టి పోతుంది, 3.7 కాస్తా 2.7 అవుతుంది. బరువు తీసేస్తే 1.4. ఎదురుగాలి ఒక్క తోపు తోసిందా, తీగ వదులైపోతుంది. తీగ వదులైతే ఎలివేటర్ మన చేతిలో లేనట్టే.

నా మొదటి ఎలక్ట్రిక్ విమానం పోయింది ఇలాగే. నెత్తి మీద ఎనిమిది అంకె గీసే ఓవర్‌హెడ్ ఎయిట్స్, నాలుగు రేకుల ఆకారంలో తిప్పే క్లోవర్ లీఫ్ స్టంట్ వరసలో చివరికి వస్తాయి. అంటే బ్యాటరీ బాగా తగ్గిన సమయానికే విమానం నెత్తి మీద ఉంటుంది. నా ఈఎస్‌సీలో లో వోల్టేజ్ కట్ఆఫ్ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే ఉంది. సెల్‌కు 3.4 వోల్ట్‌ల దగ్గర మోటార్‌ను ఠక్కున ఆపేసే పద్ధతి. నేను దాన్ని చూడలేదు. రెండో ఎయిట్‌లో విమానం నెత్తి మీదికి వస్తూ కరెంట్ పెరిగింది, వోల్టేజ్ ఒక్క క్షణం 3.4 కిందికి జారింది, మోటార్ ఆగింది. శబ్దం ఆగిపోయిన ఆ నిశ్శబ్దం నాకు ఇంకా గుర్తుంది. హ్యాండిల్ చేతిలో తేలికైపోయింది. వెనక్కి పరుగెత్తాను, తీగ బిగియలేదు. రెక్క వెనక ఫ్యూజ్‌లాజ్ (విమానం ఒళ్ళు) రెండు ముక్కలైంది. బ్యాటరీలో అప్పటికి ఇంకా 25 శాతం ఉంది.

రేడియో విమానాల వాళ్ళకు ఆ కట్ఆఫ్ మేలు చేస్తుంది. మన ఆటలో ఫ్లైట్‌ను ముగించాల్సింది టైమర్, వోల్టేజ్ కాదు. కాబట్టి ఆ కట్ఆఫ్‌ను తీసేయండి. తీయడం కుదరకపోతే సెల్‌కు 3.0 వోల్ట్‌లకు దించి, మెల్లగా తగ్గించే మోడ్‌లో పెట్టండి. ఓవర్‌లోడ్ కట్ఆఫ్ మాత్రం ఉంచాలి. ప్రాప్ నేలకు తగిలి ఇరుక్కుంటే మోటార్‌ను ఆపేది అదే.

టైమర్ సెట్టింగులు నేను పెట్టేవి: బటన్ నొక్కాక 30 సెకన్ల ఆలస్యం, మెల్లగా వేగం అందుకోవడం, 5 నిమిషాల 30 సెకన్ల పరుగు, ఆగడానికి 10 సెకన్ల ముందు ఒకసారి ఆర్‌పీఎం పైకి ఎగిసే హెచ్చరిక. ఆ హెచ్చరిక వినగానే లెవెల్‌కు వచ్చేయాలి. మొదటి ఫ్లైట్లకు పరుగు 3 నిమిషాలు చాలు.

ఎలక్ట్రిక్‌లో దొరికే ఒక గొప్ప సౌకర్యం చాలామంది వాడుకోరు. మూడు మోటార్ వైర్లలో ఏ రెండిటిని మార్చినా మోటార్ వెనక్కి తిరుగుతుంది. అప్పుడు పుషర్, అంటే వ్యతిరేక దిశలో తిరిగేలా చేసిన ప్రాప్ పెట్టుకోవచ్చు. మామూలు ప్రాప్ తిరుగుడుకు విమానం ఎడమకు, అంటే మన వైపు ఉండే లోపలి రెక్క వైపుకు ఒరగాలని చూస్తుంది. టేకాఫ్‌లో వేగం లేనప్పుడు అది తీగను వదులు చేస్తుంది. పుషర్ అయితే బయటికి ఒరగాలని చూస్తుంది, తీగ బిగిసే ఉంటుంది. జైరో ప్రభావం (తిరిగే ప్రాప్ ముక్కును పక్కకు తిప్పే గుణం) కూడా తలకిందులవుతుంది: మామూలు ప్రాప్‌తో ముక్కు పైకి తిప్పితే బయటికి, కిందికి తిప్పితే లోపలికి తిరిగేది, పుషర్‌తో దీనికి వ్యతిరేకం. ముక్కు లోపలికి తిరిగే ఆ కొంచెం తేడాను లెడ్‌అవుట్ గైడ్‌తో సర్దుకోవాలి. నేను పుషర్‌తోనే ఎగరేస్తాను. అవుట్‌రన్నర్ బరువైన డొప్ప కూడా ప్రాప్‌తో పాటు తిరుగుతుంది కాబట్టి ఈ జైరో గ్లో కంటే ఎక్కువగా తెలుస్తుంది. తేలిక ప్రాప్ ఎంచుకోండి.

బెంగళూరులో ఉన్నందుకు ఒక ప్రత్యేకమైన లెక్క ఉంది. మనం సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం. ఇక్కడి గాలి చెన్నై గాలి కంటే 8, 9 శాతం పల్చన. గ్లో ఇంజిన్ ఆ మేరకు బలం కోల్పోయేది. మోటార్ కోల్పోదు, గాలి పల్చగా ఉంది కాబట్టి అదే ఆర్‌పీఎంకు ఇంకాస్త తక్కువ కరెంట్ తీసుకుంటుంది. కానీ రెక్కకు ఆ తేడా తప్పదు. అదే వేగంలో లిఫ్ట్ 8 శాతం తక్కువ, మూలలు అంత మేర పెద్దవవుతాయి. సరిచేయడానికి వేగం 4 శాతం పెంచాలి, 5.2 సెకన్ల చుట్టును 5.0కి తేవాలి. ఎక్కడో తీరంలో ఉన్నవాళ్ళ ఆర్‌పీఎం అంకె తెచ్చి ఇక్కడ పెడితే విమానం మందకొడిగా ఉందనిపించడానికి ఇదే కారణం. పల్చటి గాలి చల్లదనాన్నీ తక్కువ మోస్తుంది. గాలి లోపలికి వచ్చే రంధ్రానికి రెట్టింపు వైశాల్యంతో బయటికి పోయే దారి పెట్టండి, అది ఈఎస్‌సీ దగ్గర ఉండాలి.

భద్రత గురించి రాయకుండా ఈ జవాబు ముగించలేను. గ్లో ప్రాప్‌కు వేలు తగిలితే తెగుతుంది, కానీ ఇంజిన్ తరచూ ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ ఆగదు. ఆర్‌పీఎం తగ్గిందని గవర్నర్ ఇంకా ఎక్కువ కరెంట్ తోస్తుంది. కాబట్టి బ్యాటరీ తగిలించిన క్షణం నుంచి ఆ ప్రాప్ తిరుగుతున్నట్టే లెక్క. ఇంట్లో సెట్టింగులు చేసేటప్పుడు ప్రాప్ తీసేయండి, ప్రతిసారీ. ఫ్యూజ్‌లాజ్ బయట, గుచ్చితేనే బ్యాటరీ కరెంట్ అందే ఆర్మింగ్ ప్లగ్ ఒకటి పెట్టి, మైదానంలో తీగలు తగిలించి, పుల్ టెస్ట్ చేశాకే దాన్ని గుచ్చండి. పుల్ టెస్ట్ అంటే విమానం బరువుకు పది రెట్లు, మీ విమానానికి 13 కిలోలు, హ్యాండిల్ నుంచి లాగి చూడడం. సహాయకుడు లేకపోతే నేలలో మేకు దిగ్గొట్టి తోకను దానికి తాడు, పిన్నుతో కట్టి ఉంచండి, హ్యాండిల్ దగ్గర నుంచి లాగితే పిన్ను ఊడేలా. మణికట్టుకు పట్టీ లేకుండా హ్యాండిల్ పట్టుకోవద్దు.

ఇక స్థలం. సర్జాపుర వైపు, దేవనహళ్ళి వైపు లేఅవుట్లలో ఖాళీ మైదానాలు కనబడితే ముందు తల పైకెత్తి చూడండి. మన తీగలు స్టీలువి, కరెంట్ నేరుగా చేతికి వస్తుంది. కరెంట్ స్తంభాలు, హైటెన్షన్ లైన్లు దగ్గరలో ఉన్న చోట వద్దు. ఉరుము వినిపిస్తే ఆ రోజుకు సామాను సర్దేయండి. మేలో బెంగళూరు మధ్యాహ్నాలు ఎంత త్వరగా మారతాయో మీకు తెలిసిందే. అందుకే నేను ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగిస్తాను, గాలి కూడా అప్పుడే మెత్తగా ఉంటుంది.

బ్యాటరీలను సెల్‌కు 3.8 వోల్ట్‌ల దగ్గర ఉంచి దాచండి, ఎండలో నిలిపిన కారులో వదలకండి. ఊరికి విమానంలో తీసుకెళ్ళాలంటే 40 వాట్ అవర్ ప్యాక్ 100 పరిమితి లోపలే ఉంది, కాకపోతే చేతి సంచిలోనే, కనెక్టర్‌కు టేపు చుట్టి.

మొదటి రోజు 9,600 ఆర్‌పీఎంతో మొదలుపెట్టి, బల్లపరుపుగా పది చుట్లు తిరిగి, ఎవరైనా సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలిస్తే ఒక్కో చుట్టుకు సగటు వస్తుంది. 5.0 వచ్చేదాకా ఫ్లైట్ ఫ్లైట్‌కు 100 పెంచండి. దిగగానే మోటార్, ఈఎస్‌సీ, బ్యాటరీల మీద వేలు పెట్టి చూడండి. అయిదు సెకన్లు వేలు ఉంచగలిగితే ఫర్వాలేదు, ఉంచలేకపోతే గాలి దారి పెంచాలి. చార్జర్ ఒక్కో ఫ్లైట్‌కు ఎన్ని ఎంఏహెచ్ తిరిగి పోసిందో పుస్తకంలో రాయండి. పూర్తి వరస చేసిన రోజు అది 2050 దాటకూడదు. దాటితే ముందు పరుగు సమయం 15 సెకన్లు తగ్గించండి, ఆ తర్వాతే ప్రాప్ మార్చడం గురించి ఆలోచించండి.

ప్లాన్ మీద గీత గీసి, మీ సామాను బరువులు, దూరాలు రాసి పంపండి. జిగురు సీసా మూత తీసేముందు ఆ లెక్క కలిసి చూద్దాం.